పొట్టేలు ఇచ్చిన మాట

ఇంగ్లీషులో 'ర్యామ్' అని ఓ క్రియ ఉంది. బలంగా గుద్దడం, ఢీకొట్టడం అని అర్థం. మన రాముడికీ, కంప్యూటర్లో ఉండే ర్యామ్‌కీ దీనితో ఏ చుట్టరికమూ లేదు. దీని పుట్టిల్లు గొర్రెలమంద. ప్రాచీన ఇంగ్లీషులో ఆ మాటకి అర్థం పొట్టేలు.

పొట్టేళ్ళ పందెం చూసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. నాలుగడుగులు వెనక్కి వేస్తుంది, తల వంచుతుంది, ఇక ముందేముందో చూసుకోదు. కొండను పొట్టేలు ఢీకొన్నట్టు అని మనవాళ్ళు ఊరికే అన్నారా?

కొండ సంగతేమోగానీ కోటగోడలు మాత్రం పొట్టేలుకి లొంగాయి. పెద్ద దూలానికి ఇనప తొడుగు వేసి, తాళ్ళతో వేలాడదీసి, ఉయ్యాల ఊపినట్టు ఊపి గోడకేసి కొట్టేవారు. రోమన్లు దాన్ని 'ఏరీస్' అన్నారు. లాటిన్లో అదీ పొట్టేలే. మన మేషరాశికి ఇంగ్లీషువాళ్ళు వాడే పేరూ అదే. క్రీ.పూ. 57లో గాల్ దేశంలో ఒక కోటను ముట్టడించిన జూలియస్ సీజరు, పొట్టేలు గోడను తాకకముందే లొంగిపోతేనే దయ చూపిస్తానన్నాడు. ఆ సంగతి తన యుద్ధచరిత్రలో తనే రాసుకున్నాడు. మొదటి దెబ్బకి ఇవతల దయ, అవతల కత్తి అన్నమాట!

ఇంగ్లీషువాళ్ళు దీన్ని క్రియగా వాడడం మొదలుపెట్టినప్పుడు మాత్రం అందులో యుద్ధం లేదు. మట్టిని గట్టిపడేలా మోదడాన్ని అలా అన్నారు. మన ఇళ్ళలో నేలకి దిమ్మిస కొట్టేవారే, అదే పని. ఓడను ఓడ గుద్దడమనే అర్థం 19వ శతాబ్దంలో స్థిరపడింది.

1866లో లిస్సా దగ్గర జరిగిన యుద్ధంలో ఆస్ట్రియా ఓడ ఒకటి ఇటలీ ఓడను గుద్ది ముంచేసింది. అంతే, యుద్ధనౌకల ముక్కుకి నీటి అడుగున ఉక్కు కొమ్ము పెట్టడం పెద్ద దేశాలన్నిటికీ మోజైపోయింది.

ఆ మోజుకి బ్రిటిషువాళ్ళు చెల్లించిన మూల్యం వినండి. 1893 జూన్ 22న, ఇప్పటి లెబనాన్ తీరంలో, వాళ్ళ నౌకలు రెండు వరసలుగా వెళ్తున్నాయి. యుద్ధమేమీ లేదు, ఉత్త విన్యాసం. రెండు వరసలూ ఎదురెదురుగా లోపలికి తిరగాలని అడ్మిరల్ ట్రయాన్ ఆజ్ఞాపించాడు. మధ్యన అంత చోటు లేదని కింది అధికారులకి అనుమానం వచ్చింది. కానీ అంతటివాడు చెప్పాక కాదనేదెవరు? 'క్యాంపర్‌డౌన్' అనే ఓడ కొమ్ము 'విక్టోరియా' పొట్టలో దిగింది. పావుగంట తిరక్కుండానే ఆ ఓడ మునిగిపోయింది. అడ్మిరల్‌తో సహా 358 మంది పోయారు. గుద్దినదీ తమ ఓడే, మునిగినదీ తమ ఓడే.

తరవాత ఫిరంగుల దూరం పెరిగింది, ఓడలకి కొమ్ములు పోయాయి, క్రియ మిగిలింది. ఈ కథంతా చదివాక, తల వంచుకుని గుద్దే పొట్టేలు కన్నా దాని వెనకాల మాట్లాడకుండా నడిచే మందే నాకు ఎక్కువ భయమేసింది.