నర్సీపట్నం – చింతపల్లి రోడ్డు

నర్సీపట్నం నుండి చింతపల్లికి రోడ్డు సుమారు 50 కిలోమీటర్లు మాత్రమే. ఇంత కురచ దారికి చరిత్ర ఏమి ఉండునని చదువరులు అనుకొనవచ్చును. గాని ఈ దారి వేయుటలో గిరిజనులచేత చేయించిన వెట్టి, వారి చేతికి అందని కూలి, 1922లో మన్యము భగ్గుమనుటకు ఒక ముఖ్య కారణమాయెను. కావున దీనిని గూర్చి నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ముందు దారిని చూచెదము. నర్సీపట్నం మైదానపు ఊరు. 2022 ఏప్రిల్ 4 నుండి అది అనకాపల్లి జిల్లాలోనిది. అక్కడనుండి రోడ్డు వాయవ్యముగా చేల మధ్యను, జీడిమామిడి తోటల మధ్యను సాగి, డౌనూరు దాటగానే కొండ ఎక్కుట మొదలిడును. మలుపు వెంట మలుపు తిరిగి, సుమారు 3,000 అడుగుల ఎత్తున ఉన్న లంబసింగి చేరును. ఆ ఊరికి కొర్రబయలు అని మరియొక పేరు కలదు. రాత్రి ఆరుబయట ఉన్నవాడు కొర్రవలె, అనగా కర్రవలె, బిగిసిపోవునని అక్కడివారు అర్థము చెప్పుదురు. చలికాలములో అక్కడ ఉష్ణోగ్రత సున్నా దగ్గరకు దిగును. ఇప్పుడు ఆ మంచు చూచుటకు తెల్లవారకముందే కార్లు బారులు తీరుచున్నవి. లంబసింగి దాటిన తరువాత దారి కొండల నడుమ చింతపల్లికి పోవును. చింతపల్లి అల్లూరి సీతారామరాజు జిల్లాలోనిది.

ఇక గడచిన సంగతి. కొండలలో బండి దారి లేని కాలమున దొరల సామాను మోయుట కొండవారి పనియే. దానికి కూలి లేదు. 1882 మద్రాసు అటవీ చట్టము వచ్చిన పిమ్మట పోడు వ్యవసాయమునకు ఆటంకములు హెచ్చినవి. అడవిలో చెట్టు నరికి, కాల్చి, విత్తుకొని బ్రదుకువానికి ఆ అడవి మూయబడినది. తిండిగింజలు తగ్గినవానికి కూలియే గతి. ఆ కూలియు సరిగా దొరకనియెడల అతడు ఏమి చేయగలడు?

సరిగా ఇదే జరిగినది. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ నర్సీపట్నం నుండి చింతపల్లి వైపు రోడ్డు పని చేయించుచు, కొండవారిని బలవంతముగా దింపి, ఇవ్వవలసిన కూలి ఇవ్వక బాధించెను. బట్టిపనుకుల మునసబుగా ఉండిన గాం గంటందొరకును, అతని తమ్ముడు మల్లుదొరకును ఈయనతో విరోధము కలిగెను. రోడ్డు వేయుట తప్పని మేము అనము. ఎవరి వీపు మీద, ఎవరి అవసరము కొరకు వేసిరి అన్నదే ప్రశ్న. ఆనాటి దారి కొండవాని సంత కొరకు కాదు. అడవి సరుకు దించుటకును, అధికారులు ఎక్కుటకును అది కావలసివచ్చెను.

అల్లూరి సీతారామరాజు నాయకత్వమున 1922 ఆగస్టు 22న మొదట చింతపల్లి పోలీసు స్టేషనుపై దాడి జరిగెను. మరునాడు కృష్ణదేవిపేట, ఆ మరునాడు రాజవొమ్మంగి. మూడు చోట్ల కలిసి 26 తుపాకులు పోయినవి. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాటులో స్కాట్ కవర్డ్, హైటర్ అను ఆంగ్ల అధికారులు మరణించిరి. వారి సమాధులు ఈ రోడ్డు మొదలగు నర్సీపట్నంలోనే ఉన్నవి. తరువాత మలబారు స్పెషల్ పోలీసు, అస్సాం రైఫిల్సు వచ్చినవి. 1924 మే 7న కొయ్యూరు వద్ద రాజును కాల్చి చంపిరి. ఆయన సమాధి కృష్ణదేవిపేటలో ఉన్నది. గంటందొర జూన్‌లో చంపబడెను. మల్లుదొర శిక్ష అనుభవించి బ్రదికి బయటపడి, 1952 ఎన్నికలలో విశాఖపట్నం నుండి మొదటి లోక్‌సభకు ఎన్నికాయెను. రోడ్డు పని పేర బాధలు పడిన తరమువాడు ఢిల్లీ పార్లమెంటులో కూర్చుండెను! ఈ సంగతి మన పిల్లల పాఠములలో ఎక్కువగా కనబడదు.

స్వాతంత్ర్యానంతరము దారి ముఖము మారినది. చింతపల్లి దాటి సీలేరు జలవిద్యుత్ కేంద్రములవైపు రాకపోకలు పెరిగినవి. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ అటవీ ఫలసాయము కొనసాగెను. చింతపల్లి దగ్గర ఆర్.వి.నగర్‌లో కాఫీ పరిశోధన కేంద్రము 1976లో వచ్చెను. సిల్వర్ ఓక్ నీడన కాఫీ, దానిమీదికి ప్రాకిన మిరియము, రాజ్మా, పసుపు, ఇవన్నియు ఈ ఘాటులోనే దిగుచున్నవి. లంబసింగి నుండి చింతపల్లి వరకు గల ముక్క ఇప్పుడు 516ఇ జాతీయ రహదారిలో చేరినది.

అయినను ఈ రోడ్డుకు ఇరువైపుల కొండలలో దారి లేని పల్లెలు ఇంకను కలవు. అచ్చట కాన్పు కష్టమైన స్త్రీని దుప్పటి డోలీలో పండుకొనబెట్టి, కర్రకు ఇరువైపుల భుజములు మార్చుకొనుచు, వాగులు దాటి మైళ్ల కొలది మోసుకొని వత్తురు. తారు రోడ్డు కనబడిన చోట డోలీ దించి అంబులెన్సు కొరకు నిలిచియుందురు.