కోకా సుబ్బారావు: న్యాయపీఠం నుంచి ఎన్నికల బరికి

మద్రాసు రాష్ట్రం నుంచి 1953లో ఆంధ్ర విడివడిన దరిమిలా, నల్లజర్ల, తాడేపల్లిగూడెం ప్రాంతాల వ్యాజ్యాలు ఏలూరు జిల్లా కోర్టు దాటితే చేరవలసిన చోటు మద్రాసు కాక, 1954లో గుంటూరున వెలసిన హైకోర్టు అయింది. దాని తొలి ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు 1902లో రాజమహేంద్రవరంలో జన్మించి, బాపట్లలో కొంతకాలం జిల్లా మున్సిఫుగా, అంటే సివిలు తగాదాలు విచారించే కింది న్యాయాధికారిగా పనిచేసి, 1948లో మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి అయ్యారు.

1958లో సుప్రీంకోర్టుకు, 1966లో దాని ప్రధాన పీఠానికి చేరిన ఆయన పేరు నిలిపింది 1967 ఫిబ్రవరి 27 నాటి గోలక్‌నాథ్ తీర్పు: పంజాబు భూపరిమితి చట్టం వల్ల భూమి కోల్పోతున్న కుటుంబం వేసిన ఆ దావాలో, ప్రాథమిక హక్కులను హరించే రాజ్యాంగ సవరణ చేసే అధికారం పార్లమెంటుకు లేదని పదకొండుగురిలో ఆరుగురు తేల్చారు. అయితే పాత భూసంస్కరణలు కూలిపోకుండా, తీర్పు ఇకమీదటి సవరణలకే వర్తిస్తుందనే సూత్రాన్ని, అమెరికా న్యాయశాస్త్రం నుంచి తెచ్చి, సుబ్బారావు జోడించారు. ఆ జోడింపులోనే ఆయన లోకజ్ఞత కనిపిస్తుంది.

అమెరికాలో జాన్ మార్షల్ విదేశాంగ మంత్రి పదవి నుంచి 1801లో ప్రధాన న్యాయమూర్తి పీఠమెక్కగా, సుబ్బారావు నడక అందుకు ఎదురు దిశ: 1967 ఏప్రిల్‌లో రాజీనామా చేసి, ప్రతిపక్షాల అభ్యర్థిగా రాష్ట్రపతి పదవికి పోటీచేసి, జాకిర్ హుసేన్ చేతిలో ఓడిపోయారు. పీఠం దిగిన వెంటనే బరిలోకి రావడం విమర్శకు తావిచ్చిందంటే వింత లేదు. ఇక ఆయన తీర్పు విషయానికొస్తే, 1973లో సుప్రీంకోర్టు ఇచ్చిన కేశవానంద భారతి తీర్పు గోలక్‌నాథ్‌ను తోసిపుచ్చినా, రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని మార్చరాదనే కొత్త హద్దును పార్లమెంటుకు గీసింది. సుబ్బారావు 1976లో మరణించారు.