ఆల్కహాల్ రసాయన చర్యలు: కల్లులొట్టి, క్లోరల్, సిరిసిల్ల చీర

ఆల్కహాల్ అణువు ప్రధానంగా మూడు చోట్ల తెగుతుంది. హైడ్రాక్సిల్ సమూహంలోని ఆక్సిజన్, హైడ్రోజన్‌ల మధ్య బంధం తెగితే సోడియంతో హైడ్రోజన్ వాయువు బుడగలై లేస్తుంది, కార్బాక్సిలిక్ ఆమ్లాలతో ఎస్టర్లు ఏర్పడతాయి. కార్బన్, ఆక్సిజన్‌ల మధ్య బంధం తెగితే నీరు పోయి ఇథిలీన్ వంటి ఆల్కీన్ మిగులుతుంది, లేదా ఆ చోటికి హాలోజన్ వచ్చి చేరుతుంది. హైడ్రాక్సిల్‌ను మోస్తున్న కార్బన్ తన హైడ్రోజన్‌ను కూడా వదులుకుంటే ఆల్కహాల్ ఆక్సీకరణం చెంది ఆల్డిహైడో కీటోనో అవుతుంది. ఇంటర్మీడియట్ పాఠం దాదాపు ఈ వరసలోనే సాగుతుంది, ఆక్సీకరణం చివర్లో వస్తుంది. చెప్పడానికి ఈ వరస తేలికే, కానీ చరిత్ర నడిచింది ఇలా కాదు. మనుషులు ముందుగా ఎరిగింది ఆక్సీకరణాన్నే. ఆల్కహాల్ నిర్మాణంపై తొలి పెద్ద వాదాల్లో ఒకదాన్ని లేపింది కూడా ఆక్సీకరణంతో కలిసి నడిచిన క్లోరిన్ చర్యే. ఒకప్పటి కరీంనగర్ జిల్లా ఊళ్లయిన జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల వైపు నుంచి చూస్తే ఈ సంగతి మరింత తేటపడుతుంది.

తాటి, ఈత చెట్లను గీస్తే వచ్చేది సుక్రోజ్ నిండిన నీరా. లొట్టికి సున్నం పూస్తే అది పులవదు. పూయకపోతే చెట్టు మీద ఉండగానే ఈస్టు పని మొదలవుతుంది: చక్కెర విరిగి ఇథనాల్, కార్బన్ డయాక్సైడ్ అవుతాయి. పొద్దున దించిన కల్లు పొద్దుగూకేసరికి ఘాటెక్కుతుంది, మర్నాటికి పుల్లబడుతుంది. గాలిలోని ఆక్సిజన్‌ను వాడుకుని బ్యాక్టీరియా ఇథనాల్‌ను ముందు ఎసిటాల్డిహైడ్‌గా, తర్వాత ఎసిటిక్ ఆమ్లంగా మార్చడమే ఈ పులుపుకు కారణం. 1820ల తొలి ఏళ్లలో జర్మనీలో డోబరైనర్ ప్లాటినం పొడి సాయంతో ఇదే మార్పును ప్రయోగశాలలో చూపాడు. 1860లలో పాస్చర్ దాని వెనకున్న సూక్ష్మజీవిని పట్టుకున్నాడు. వాళ్లిద్దరికీ అది శాస్త్ర సమస్య, గీత కార్మికుడికి సరుకు అమ్ముడుపోవాల్సిన గడువు. చెట్లు పరిమితం, దించినది నిలవదు, అడిగేవాళ్లు ఎక్కువ. తెలంగాణలో కల్తీ కల్లుకు చోటు దొరికింది ఈ ఇరుకులోనే: నీళ్లు, తీపికి సాకరిన్, మత్తుకు క్లోరల్ హైడ్రేట్.

ఈ క్లోరల్ కూడా ఆల్కహాల్ నుంచి పుట్టిందే. 1832లో లీబిగ్ ఇథనాల్‌లోకి క్లోరిన్‌ను పంపి దాన్ని తయారుచేశాడు. అందులో క్లోరిన్ రెండు పనులు చేస్తుంది. ముందు ఆల్కహాల్ నుంచి హైడ్రోజన్‌ను లాగి ఆల్డిహైడ్‌ను చేస్తుంది, తర్వాత పక్క కార్బన్ మీదున్న మూడు హైడ్రోజన్‌లను తీసేసి ఆ చోట్లలో తానే కూర్చుంటుంది. క్లోరల్‌కు నీరు కలిస్తే ఒకే కార్బన్ మీద రెండు హైడ్రాక్సిల్‌లు ఉన్న హైడ్రేట్ ఏర్పడుతుంది. మామూలుగా అలాంటి జంట నిలవదు, నీరు వదిలేస్తుంది. ఇక్కడ మూడు క్లోరిన్‌లు ఎలక్ట్రాన్‌లను తమవైపు లాగడంతో స్ఫటికాలుగా నిలబడింది. క్లోరల్‌కు, క్లోరోఫామ్‌కు సరైన సంఘటనాన్ని 1834లో డ్యూమా తేల్చాడు. హైడ్రోజన్ స్థానంలో క్లోరిన్ చేరగలదన్న ఆయన ప్రతిక్షేపణ సిద్ధాంతం ఇలాంటి చర్యల మీదే నిలిచింది. విద్యుదావేశాల ఆకర్షణతోనే సమ్మేళనాలు ఏర్పడతాయని నమ్మిన బెర్జీలియస్‌కు అది ఎంతమాత్రం మింగుడుపడలేదు.

క్లోరల్‌ను క్షారంతో విరిస్తే క్లోరోఫామ్ వస్తుంది. బ్లీచింగ్ పౌడర్‌తో ఆల్కహాల్‌ను కాచినా అదే వస్తుంది. జగిత్యాల, సిరిసిల్లలు భాగంగా ఉన్న నిజాం రాజ్యానికి ఈ చర్య ఫలితం వైద్య చర్చగా చేరింది. హైదరాబాద్ మెడికల్ స్కూల్‌ను నడిపిన ఎడ్వర్డ్ లారీ 1888లో మొదటి క్లోరోఫామ్ కమిషన్‌ను ఏర్పాటు చేశాడు. 1889లో ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఖర్చు భరించగా లాన్సెట్ పత్రిక తరఫున లాడర్ బ్రంటన్ వచ్చి రెండో కమిషన్‌లో చేరాడు. క్లోరోఫామ్‌తో ముందు ఆగేది శ్వాసే గాని గుండె కాదని కమిషన్ తేల్చింది. 1911లో లెవీ ప్రయోగాలు ఆ తీర్పును తిరగదోడాయి. క్లోరోఫామ్ గుండె లయను నేరుగా చెదరగొట్టగలదని తేలింది.

క్లోరల్ విషయంలోనూ ఇలాంటి తప్పే జరిగింది, పైగా అది లాభించిన తప్పు. రక్తం క్షార గుణం కలది కాబట్టి ఒంట్లోకి వెళ్లిన క్లోరల్ హైడ్రేట్ అక్కడ క్లోరోఫామ్‌ను విడుదల చేస్తుందని 1869లో బెర్లిన్‌లో లీబ్రైక్ ఊహించాడు. దాన్ని నిద్రమందుగా వాడిచూశాడు, నిద్ర వచ్చింది. ఊహ మాత్రం తప్పు. 1948లో బట్లర్ చూపినట్టు శరీరం క్లోరల్‌ను క్షయకరణం చేసి ట్రైక్లోరోఇథనాల్‌గా మారుస్తుంది, మత్తు ప్రధానంగా దానిదే. అంటే ఆల్కహాల్‌ను ఆక్సీకరించి చేసిన ఆల్డిహైడ్ ఒంట్లో మళ్లీ ఆల్కహాల్ అవుతోంది. ఆ పని చేసే ఎంజైములలో ఆల్కహాల్ డీహైడ్రోజినేజ్ ముఖ్యమైనది, కల్లులోని ఇథనాల్‌ను ఆక్సీకరించేదీ అదే. ఇథనాల్ వదిలిన హైడ్రోజన్‌ను మోసుకొచ్చే సహ ఎంజైము దాన్ని క్లోరల్‌కు అందిస్తుంది. అలా పుట్టిన ట్రైక్లోరోఇథనాల్ తిరిగి ఇథనాల్ ఆక్సీకరణాన్ని నెమ్మదింపజేస్తుంది. కల్లులో క్లోరల్ కలిపితే రెండు మత్తులు పక్కపక్కన ఉండవు, ఒకదాన్నొకటి పెంచుకుంటాయి. రోజూ తాగేవారికి అది అలవాటవుతుంది. 2015లో కల్తీపై జరిగిన దాడుల తర్వాత ఆ కల్లు ఆగినప్పుడు నిజామాబాద్, మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో చేతులు వణికి, ఫిట్స్ వచ్చి జనం ఆసుపత్రులకు చేరడం ఈ అలవాటు ఎంత లోతుకు దిగిందో చూపింది.

ఈ కథనానికి అభ్యంతరాలు లేకపోలేదు. ఆల్కహాల్ నిర్మాణాన్ని తేల్చింది క్లోరిన్ కాదని, 1850లో విలియమ్సన్ చేసిన ఈథర్ సంశ్లేషణ అని రసాయన చరిత్రకారులు అంటారు. పొటాషియం ఇథాక్సైడ్‌తో ఇథైల్ అయొడైడ్‌ను కలిపి, ఆల్కహాల్‌నూ ఈథర్‌నూ నీటి నమూనాలోకి తెచ్చింది ఆయనే. ఇది కాదనలేం. అయితే ఆ ప్రయోగం హైడ్రాక్సిల్ దగ్గర ఆగిపోయింది. పక్కనున్న కార్బన్ మీది హైడ్రోజన్‌ల సంగతి అది చెప్పదు, మత్తుకైనా పులుపుకైనా మూలం అక్కడుంది. రెండో అభ్యంతరం సిరిసిల్ల నుంచే రావచ్చు. అక్కడి మరమగ్గాల మీద నేసే పాలిస్టర్, 2017 నుంచి పంచిన బతుకమ్మ చీరలతో సహా, ఎస్టరీకరణ ఫలమే గదా. నిజమే, రెండు హైడ్రాక్సిల్‌లున్న ఇథిలీన్ గ్లైకాల్‌ను టెరిఫ్తాలిక్ ఆమ్లంతో కలిపే పద్ధతికి 1941లో విన్‌ఫీల్డ్, డిక్సన్ పేటెంట్ కోరారు. ఇథనాల్, ఎసిటిక్ ఆమ్లాల చర్య మూడింట రెండు వంతుల దగ్గర ఆగిపోతుందని 1862లోనే బెర్తెలో కనిపెట్టాడు; నీటినీ, మిగులు గ్లైకాల్‌నూ తీసేస్తూ పోతేనే అలాంటి సమతాస్థితిని దాటి పొడవాటి గొలుసు వస్తుంది. కానీ ఆ చర్య జరిగేది ఎక్కడో పెట్రో రసాయన కర్మాగారంలో, సిరిసిల్లకు అందేది నూలు. కోరుట్ల పక్కన ముత్యంపేట చక్కెర కర్మాగారం 2015 డిసెంబరులో మూతపడ్డాక చెరకుతో ముడిపడిన రసాయనమూ ఆ చుట్టుపక్కల పలచబడింది. ఆక్సీకరణం మాత్రం ఊరి లొట్టిలోనే జరుగుతోంది.

మూడో అభ్యంతరం బలమైనది. ఇప్పటి కల్తీలో ఆల్ప్రజోలం, డైజిపామ్ ముందుకొచ్చాయి, అవి ఆల్కహాల్ నుంచి పుట్టినవి కావు. 2025 జూలైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లు ప్రాణాలు తీసినప్పుడూ అనుమానం ఆల్ప్రజోలం మీదికే పోయింది. కాబట్టి క్లోరల్ వాదాన్ని ఈనాటి కల్తీ అంతటికీ చాపలేం. కల్తీని పట్టే పరీక్షలూ దీన్నిబట్టే మారతాయి. పిరిడిన్, క్షారం కలిపి వేడిచేస్తే ఎర్రబడే ఫుజివారా పరీక్ష క్లోరల్‌నూ క్లోరోఫామ్‌నూ పట్టిస్తుంది, ఆల్ప్రజోలంను పట్టించదు. దానికి క్రొమాటోగ్రఫీ కావాలి. తాగిన మనిషి మూత్రంలో ట్రైక్లోరోఇథనాల్‌ను వెతకాలంటే ఫుజివారా పరీక్ష కూడా నేరుగా పనికిరాదు. ముందు దాన్ని క్రోమిక్ ఆమ్లంతో ట్రైక్లోరోఎసిటిక్ ఆమ్లంగా ఆక్సీకరించాలి, అప్పుడే ఎరుపు తేలుతుంది.