హీటర్ చల్లగాలి కొడితే: కార్క్, డబ్లిన్ కార్ల పాత కథ

ఎపిసోడ్‌లో టైమ్ చాలక వదిలేసిన ముక్క ఇది. నైట్ డ్యూటీకి బయల్దేరతాం, అద్దం నిండా మంచు, హీటర్ ఫుల్‌లో పెట్టినా చల్లగాలే. చాలామంది ముందు ఫ్యూజు చూస్తారు. గాలంటూ వస్తోందంటే ఫ్యూజూ ఫ్యానూ బాగున్నట్టే. రానిది వేడి. ఆ వేడి ఎక్కడిదో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

హెన్రీ ఫోర్డ్ తండ్రి విలియం 1847లో, ఐర్లండ్ కరువు రోజుల్లో, కార్క్ కౌంటీ బాలినస్కార్తీ నుంచి అమెరికా వలసపోయాడు. మనలాంటివాడే. కొడుకు 1917లో తిరిగి కార్క్‌లోనే ఫ్యాక్టరీకి పునాది వేశాడు. ముందు ట్రాక్టర్లు, తర్వాత మోడల్ టీ కార్లు. ఆ కారుకి కంపెనీ హీటరే ఇవ్వలేదు, దుప్పటి కప్పుకుని నడపడమే! తర్వాత పొగగొట్టం వేడిని లోపలికి మళ్లించారు, ఆపైన ఇంజిన్ వేడినీళ్లతో పనిచేసే హీటర్లు వచ్చాయి. 1938 మోడళ్లలో అమెరికా నాష్ కంపెనీ దానికి బయటిగాలిని, ఫిల్టర్‌ని జతచేసింది. ఇవాళ మన పెట్రోల్, డీజిల్ కార్లలో ఉన్నదీ దాదాపు అదే. ఇంజిన్‌లో వేడెక్కిన కూలెంట్ డాష్‌బోర్డు వెనకున్న చిన్న రేడియేటర్‌లోంచి పోతుంది, ఫ్యాన్ దాని మీదుగా గాలి ఊదుతుంది.

1950లో డబ్లిన్ షెల్బర్న్ రోడ్‌లో బీటిల్ కార్లు బిగించడం మొదలైంది. జర్మనీ బయట తయారైన మొదటి బీటిల్ ఇక్కడిదే. దాని ఇంజిన్‌లో నీళ్లే ఉండవు, గాలితో చల్లబడుతుంది. హీటర్‌కి పొగగొట్టం చుట్టూ ఉన్న వేడే గతి. ఆ రేకు తుప్పుపడితే వేడితోపాటు పొగ కూడా లోపలికొచ్చేది. ఈ వానల దేశంలో తుప్పుకేం తక్కువ!

కాబట్టి చల్లగాలి వస్తే ముందు చూడాల్సింది కూలెంట్. ఇంజిన్ పూర్తిగా చల్లారాక ట్యాంక్ మీది గీతలు చూడండి. వేడిమీద మూత తిప్పారో, మొహం కాలుతుంది. మట్టం తగ్గిందంటే ఎక్కడో కారుతోంది. అలాగే నడిపితే రేపు ఇంజినే పోతుంది, అప్పుడు ఖర్చు వందల్లో కాదు వేలల్లో.

ఊళ్లోలాగా బాటిల్‌తో కుళాయి నీళ్లు పోసేయకండి. 2010 క్రిస్మస్ రోజున మేయో కౌంటీ స్ట్రేడ్‌లో మైనస్ 17.5 డిగ్రీలు నమోదైంది. అలాంటి రాత్రి ఉత్త నీళ్లు గడ్డకట్టి, ఉబ్బి, ఇంజిన్ బ్లాకునే పగలగొట్టగలవు. మాన్యువల్‌లో చెప్పిన రకం కూలెంటే పోయండి.

కూలెంట్ నిండుగా ఉండి, మోటార్‌వే మీద కూడా టెంపరేచర్ ముల్లు పైకి రాకపోతే థర్మోస్టాట్ తెరుచుకుని ఇరుక్కుపోయి ఉంటుంది. ముల్లు బాగుంటే, హీటర్‌కి వెళ్లే రెండు పైపుల సంగతి మెకానిక్‌ని అడగండి. ఒకటి వేడి, ఒకటి చల్లనైతే లోపల మురికి అడ్డుపడిందో గాలి చిక్కుకుందో. రెండూ వేడిగా ఉండి, డాష్‌బోర్డు వెనక టిక్ టిక్ మంటుంటే గాలిని మళ్లించే రెక్క దగ్గర తేడా. పిల్లల్ని స్కూల్లో దింపే రెండు కిలోమీటర్లకే డీజిల్ కారు వేడెక్కలేదంటే మాత్రం అది రిపేరు కాదు.

ఎలక్ట్రిక్ కారుకి ఈ లెక్కలు పనికిరావు. అక్కడ వేడికీ కరెంటు బ్యాటరీయే ఇవ్వాలి, అందుకే చలికాలంలో రేంజ్ పడిపోతుంది.