ఆమ్‌స్టర్‌డామ్ సైకిళ్ల ఊరు ఎలా అయింది?

ఆమ్‌స్టర్‌డామ్ రీల్స్ మీరు చూసే ఉంటారు. కాలవ, వంతెన, ఆ వంతెన కమ్మీలకు గొలుసు వేసి కట్టిన సైకిళ్లు. సూటు వేసుకున్న ఆఫీసరూ సైకిలు మీదే, ముందు చెక్కపెట్టెలో ఇద్దరు పిల్లల్ని కూర్చోబెట్టుకున్న అమ్మా సైకిలు మీదే. మనవాళ్లు ఎమ్మెస్‌కని డెల్ఫ్ట్ వెళ్తే ముందు వెతుక్కునేది ఒక సెకండ్ హ్యాండ్ సైకిలు. నెదర్లాండ్స్ జనాభా సుమారు 1 కోటి 80 లక్షలు, సైకిళ్లేమో 2 కోట్ల 30 లక్షల దాకా ఉంటాయని అంచనా. "వాళ్ల నేల చదును, వాళ్ల అలవాటు అది" అనేస్తాం మనం. సగమే నిజం. 50 ఏళ్ల కిందట ఆ ఊరు కూడా సైకిలుని దాదాపు పోగొట్టుకోబోయింది.

ముందు ఆ ప్రేమ సంగతి చెప్తా. రెండో ప్రపంచ యుద్ధంలో నెదర్లాండ్స్‌ని ఆక్రమించిన జర్మన్ సైన్యం 1942లో జనం సైకిళ్లు లాక్కుంది. ఆ కోపం ఎంతకాలం ఉందంటే, దశాబ్దాల తర్వాత కూడా జర్మనీతో ఫుట్‌బాల్ మ్యాచ్ పడితే, మా తాత సైకిలు మాకిచ్చేయండి అని డచ్ అభిమానులు ఎగతాళి చేసేవాళ్లు. అలాగని సైకిలుకి పసుపు కుంకుమ పెట్టి పూజ చేస్తారనుకోకండి. ఒక్క ఆమ్‌స్టర్‌డామ్ కాలవల్లోంచే ఏటా 12 వేల నుంచి 15 వేల సైకిళ్లు పైకి లాగుతారట!

యుద్ధం అయిపోయాక చేతిలో డబ్బు ఆడింది, కార్లొచ్చాయి. కార్లకు రోడ్లు చాల్లేదు. 1954లో ఆ ఊరి పోలీస్ చీఫ్ కాస్‌యాగర్ ఒక ఉపాయం చెప్పాడు: కాలవలు పూడ్చేసి రోడ్లు వేద్దాం అని. 1967లో జోకినెన్ అనే అమెరికన్ ఇంకో ప్లాన్ తెచ్చాడు: కూలీనాలీ ఉండే పాతపేట కూల్చి, ఊరి నడిబొడ్డు దాకా హైవే వేద్దాం అని. ఈ రెండూ జరగలేదు. కానీ కార్లు మాత్రం ఆగలేదు.

1971లో ఆ చిన్న దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 3 వేల మందికి పైగా చనిపోయారు. అందులో 400 మందికి పైగా పిల్లలు. అప్పుడు దేశం మొత్తం జనాభా 1 కోటి 30 లక్షలే.

విక్ లాంగెన్‌హాఫ్ అని ఒక పత్రికా విలేకరి. ఆయన చిన్న కూతురు స్కూలుకి వెళ్తూ కారు గుద్ది చనిపోయింది. ఆయన తన పత్రికలో ఒక వ్యాసం రాశాడు. పిల్లల్ని చంపడం ఆపండి, అదీ హెడ్డింగ్. 'ప్రమాదం' అనలేదు చూడండి, 'చంపడం' అన్నాడు. ఆ హెడ్డింగే ఒక ఉద్యమానికి పేరైంది. తల్లిదండ్రులు వీధుల్లోకొచ్చారు. సైకిళ్లు రోడ్డు మీద పడేసి, పక్కనే శవాల్లా పడుకున్నారు.

పెద్దల కంటే పిల్లలే ముందున్న చోటు కూడా ఉంది. ఆమ్‌స్టర్‌డామ్‌లో డె పైప్ అనే ఇరుకు పేట. అక్కడి పిల్లలు ఆడుకోడానికి చోటు లేక తమ వీధికి తామే అడ్డాలు పెట్టేశారు. కార్లవాళ్లు దిగి, కోపంగా అవి లాగి పడేశారు. 1972లో టీవీ వాళ్లు తీసిన ఫిల్మ్‌లో ఇదంతా ఉంది. ఇంటర్నెట్‌లో దొరుకుతుంది, చూడండి.

1973లో అరబ్ దేశాలు చమురు ఆపేశాయి. నవంబర్ 4 నుంచి ఆదివారాలు కార్లు బంద్. ఖాళీ హైవేల మీద జనం సైకిళ్లేసుకుని తిరిగారు. ఊరు ఇలా కూడా ఉండొచ్చని కళ్లారా చూశారన్నమాట. నన్నడిగితే ఉద్యమానికి అసలు బలం ఆ ఆదివారాలే ఇచ్చాయి. 1975లో సైకిలు తొక్కేవాళ్లు సంఘం పెట్టుకున్నారు. 1976లో 'వోనెర్ఫ్' చట్టం వచ్చింది. అంటే వీధిని ఇంటి వాకిలిలా చూడాలి, కారు మనిషి నడిచే వేగంతోనే పోవాలి. ఇక సైకిలు దారులంటారా, ఒక్కో ఊళ్లో ఒక్కో రోడ్డుగా, ఏళ్ల తరబడి పడ్డాయి. ఇప్పుడు అక్కడ రోడ్డు మరణాలు ఏటా 700కి అటూ ఇటూ.

గొడవలు అయిపోలేదండోయ్. 1885లో తెరిచిన రైక్స్ మ్యూజియం మధ్యలోంచి ఒక దారి ఉంది, అందులో సైకిళ్లు వెళ్తాయి. 2003లో మ్యూజియం మూసి బాగుచేయడం మొదలుపెట్టినప్పుడు, పెద్ద గుమ్మం కోసం ఆ దారిని ఇరుకు చేద్దామన్నారు. సైకిలు సంఘం ఒప్పుకోలేదు, ఏళ్ల తరబడి కొట్లాడింది. 2013లో దారి మళ్లీ తెరిచారు. ఇప్పుడు పైన రెంబ్రాంట్ బొమ్మ 'నైట్ వాచ్', కింద కూరగాయలు తెచ్చుకునేవాళ్ల సైకిళ్లు.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.