వాగు పక్కన చేపల చెరువు తవ్వాలనుకుంటున్నారా? ముందు అనుమతులు, ఆ తర్వాతే పొక్లెయిన్

వాగు ఒడ్డున పొలం ఉన్న రైతుకు చేపల చెరువు ఆలోచన రావడం సహజం. నీరు పక్కనే ఉంటుంది, మోటారు ఖర్చు తగ్గుతుంది. వాగుకు అడ్డంగా చిన్న కట్ట వేస్తే చెరువు తయారైపోతుందని కూడా అనిపిస్తుంది. చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. మీ పట్టా పొలానికే గానీ వాగుకు కాదు. ఈ తేడా తెలియక లక్షలు ఖర్చుపెట్టి తవ్విన చెరువును పూడ్చుకోవలసి వచ్చిన రైతులు ఉన్నారు.

వాగు ఎవరిది?

మన రెండు రాష్ట్రాల్లోనూ అమల్లో ఉన్న 1905 నాటి భూ ఆక్రమణ చట్టం ప్రకారం నదులు, వాగులు, వంకల గర్భం, వాటిలో పారే నీరు సాధారణంగా ప్రభుత్వ ఆస్తి. రెవెన్యూ రికార్డుల్లో ఇది వాగు పోరంబోకుగా కనిపిస్తుంది. వరదలకు వాగు దారి మార్చుకుంటుంది కాబట్టి కంటికి కనిపించే ఒడ్డును హద్దుగా తీసుకోకూడదు. ముందుగా మండల సర్వేయరుకు దరఖాస్తు చేసుకుని ఆంధ్రప్రదేశ్‌లో ఎఫ్‌ఎంబీ, తెలంగాణలో టిపన్ ఆధారంగా కొలిపించి హద్దురాళ్లు వేయించుకోండి.

వాగులో వద్దు, పక్కన తవ్వండి

వాగుకు అడ్డంగా వేసిన కట్టతో మూడు నష్టాలు ఉన్నాయి.

మొదటిది వరద. కొన్నేళ్ల క్రితం నేను పనిచేసిన మండలంలో ఒక రైతు వాగుకు మట్టికట్ట వేసి చేపపిల్లలు వదిలాడు. ఆగస్టులో ఒక్క రాత్రి కురిసిన వానకు కట్ట తెగింది. చేపలు పోవడమే కాదు, దిగువన ఇద్దరి వరి పొలాల్లో ఇసుక మేటలు వేసింది. ఆ నష్టపరిహారం గొడవ తేలడానికి రెండేళ్లు పట్టింది.

రెండోది దిగువ రైతుల నీరు. ఎకరా చెరువులో మీటరున్నర లోతు నీరు నింపాలంటే సుమారు 60 లక్షల లీటర్లు కావాలి. వేసవిలో రోజుకు 7 మిల్లీమీటర్ల చొప్పున ఆవిరైనా ఎకరాకు 28 వేల లీటర్లు పోతాయి. సన్నగా పారే వాగుకు ఇది పెద్ద లెక్కే.

మూడోది వాగులోని జీవాలు. నిలిచిన నీరు వేడెక్కుతుంది. 20 డిగ్రీల నీటిలో లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరుగుతుంది. 30 డిగ్రీలకు చేరితే అది ఏడున్నరకు పడిపోతుంది. మేత వ్యర్థాలు కూడా కలిస్తే దిగువన ఉన్న చేపలు చనిపోతాయి. అడ్డుకట్ట వల్ల తొలి వానలకు ఎదురీదే చేపలు పైకి వెళ్లి గుడ్లు పెట్టలేవు.

అందువల్ల చెరువును పూర్తిగా మీ పట్టా భూమిలోనే, వాగు గట్టుకు దూరంగా తవ్వుకోవాలి.

ఏ అనుమతి ఎవరి దగ్గర?

మత్స్యశాఖ: ఆంధ్రప్రదేశ్‌లో 2020 నాటి ఆక్వాకల్చర్ అభివృద్ధి అథారిటీ చట్టం ప్రకారం ఆక్వా సాగుకు లైసెన్సు ఉండాలి. ఇందుకు గ్రామ మత్స్య సహాయకుడిని గానీ మత్స్యాభివృద్ధి అధికారిని గానీ కలవండి. తెలంగాణ రైతులు జిల్లా మత్స్యశాఖ కార్యాలయంలో సంప్రదించాలి.

రెవెన్యూ, నీటిపారుదల శాఖలు: భూమి పోరంబోకు కాదని తహసీల్దారు నుంచి, నీటి ప్రవాహానికి అడ్డం రాదని నీటిపారుదల శాఖ ఇంజినీరు నుంచి రాతపూర్వకంగా తీసుకోండి. వాగు నుంచి నీరు తోడుకోవాలన్నా, చెరువు నీరు వాగులోకి వదలాలన్నా దరఖాస్తులోనే రాయండి.

వాల్టా చట్టం, 2002: చెరువు కోసం బోరు వేయాలన్నా, గట్టు మీది చెట్లు నరకాలన్నా, ఇసుక తీయాలన్నా ఈ చట్టాన్ని చూసుకోవాలి. ప్రజల తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపు కొత్త బోరుకు ఆంక్షలు ఉన్నాయి.

ఉప్పునీటి రొయ్యల సాగు: సముద్రం, నదులు, క్రీకుల పోటు గీత నుంచి 2 కిలోమీటర్ల లోపు సాగు చేయాలంటే 2005 చట్టం కింద కోస్తా ఆక్వాకల్చర్ అథారిటీలో నమోదు తప్పనిసరి.

ఏజెన్సీ ప్రాంతాలు: ఇక్కడ చిన్న నీటి వనరుల నిర్వహణ 1996 నాటి పీసా చట్టం ప్రకారం పంచాయతీలదే. కాబట్టి గ్రామసభ ముందు విషయం పెట్టాలి. 1970 నాటి 1వ నంబరు నిబంధన ప్రకారం ఏజెన్సీ భూమిని గిరిజనేతరులు చెరువుల కోసం కౌలుకు తీసుకున్నా చెల్లదు. రిజర్వు అటవీ భూమిలోకి ఒక్క అడుగు కూడా వెళ్లవద్దు.

చెరువు తీరు ఎలా ఉండాలి?

నీరు వచ్చే గొట్టానికీ, పోయే తూముకూ సన్నని జాలీ బిగించండి. పెంపకం చేపలు వాగులోకి తప్పించుకుంటే స్థానిక జాతులు దెబ్బతింటాయి. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ పెంపకం నిషేధం కాబట్టి దాన్ని అసలు తేవద్దు. అదనపు వాననీరు పోవడానికి అలుగు ఉంచండి. చెరువు ఖాళీ చేసేటప్పుడు నీటిని నేరుగా వాగులోకి వదలకుండా ఒక చిన్న గుంటలో నిలిపి, మడ్డి తేరిన తర్వాతే వదలండి. ఆ మడ్డి పొలానికి మంచి ఎరువు.

కొల్లేరు నేర్పిన పాఠం

కొల్లేరును 5వ కాంటూరు వరకు 1999లో వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. దాని లోపల ఉన్న చేపల చెరువుల గట్లను 2006లో ప్రభుత్వం తెంచివేసింది. అప్పు తెచ్చి పెట్టుబడి పెట్టినవాళ్లు నీళ్లవైపు చూస్తూ నిలబడిపోయారు. పక్కవాళ్లు తవ్వారు కదా అన్న ధీమా ఆ రోజు ఎవరినీ కాపాడలేదు.

కాబట్టి వరుస తప్పవద్దు. ముందు సర్వే, తర్వాత దరఖాస్తులు, రసీదులు, ఉత్తర్వు కాపీ. అవి చేతికొచ్చాకే పొక్లెయిన్‌ను పిలవండి. "తవ్వేయండి, తర్వాత చూసుకుందాం" అనే మధ్యవర్తి మాట నమ్మవద్దు. బ్యాంకు రుణానికి, రాయితీకి వెళ్లినప్పుడు మొదట అడిగేది ఈ కాగితాలనే. దిగువ రైతులతో కూడా ముందే మాట్లాడుకోండి. వాగు మీ ఒక్కరిది కాదు, మీ తర్వాత ఉన్న పొలాలన్నిటిదీ.