వలందావారి తోట – మన తోటల మూలం

ఐరోపా చూడబోయిన మనవారు హాలెండులోని ఆమ్‌స్టర్‌డాం నగరంలో కాలువల మీద పడవ షికారు చేసి, చిత్రశాలలు చూచి తిరిగి వస్తారు. మేము పిల్లలతో వెళ్ళినప్పుడు ఒక పూట అక్కడి పాత వృక్షోద్యానంలో గడిపాము. మూడెకరాల చిన్న తోట అది. అయినా మలేసియాలో పుట్టి పెరిగిన తెలుగువారు తప్పక చూడవలసిన చోటు.

ఈ తోటను 1638లో నగరపాలకులు నెలకొల్పారు. అంతకు రెండు మూడేళ్ళ ముందే నగరాన్ని ప్లేగు పట్టి పీడించింది. వైద్యులకూ, మందులు తయారుచేసేవారికీ ఓషధులను గురించి నేర్పడానికి పెంచిన పెరడు అది. 1682లో ఇప్పుడున్న చోటికి మారింది. మచిలీపట్నంలోనూ, భీమునిపట్నంలోనూ వర్తకం చేసిన డచ్చివారిని మన పూర్వులు వలందావారనేవారు. వారి కంపెనీ ఓడలే దేశదేశాల మొక్కలను ఈ తోటకు చేర్చాయి.

1706లో జావానుండి ఒక కాఫీ మొక్క ఇక్కడికి వచ్చింది. దాని సంతతిలో ఒకదానిని 1714లో ఫ్రాన్సు రాజు పదునాలుగవ లూయీకి కానుకగా ఇచ్చారు. ఆ వంశమే సముద్రాలు దాటి అమెరికా ఖండంలో కాఫీ తోటలుగా విస్తరించింది. ఆ తోటలలో చెమటోడ్చినవారు ఆఫ్రికానుండి పట్టి తెచ్చిన బానిసలు.

ఇక మన సంగతి. పామాయిలు చెట్టు పుట్టినిల్లు పశ్చిమ ఆఫ్రికా. 1848లో జావాలోని బోగోర్ ఉద్యానంలో నాలుగు పామాయిలు మొక్కలు నాటారు. వాటిలో రెండు ఆమ్‌స్టర్‌డాం తోటనుండి వెళ్ళినవే. మిగిలిన రెండు హిందూ మహాసముద్రంలోని దీవులనుండి వచ్చాయి. ఆ నాలుగింటి సంతతి సుమత్రాలోని డేలీకి, అక్కడినుండి మలయాకు వచ్చింది. 1917లో సెలాంగూర్‌లో ఫ్రెంచివాడైన హెన్రీ ఫాకొనియే వ్యాపారానికి తొలి పామాయిలు తోట వేశాడు. దాని పేరు తెన్నమరం. తమిళంలో ఆ మాటకు కొబ్బరిచెట్టని అర్థం!

మన తాతముత్తాతలు కూడా అలాగే ఓడలెక్కి వచ్చారు. విశాఖ, గోదావరి జిల్లాల పల్లెలనుండి కంగాణీల వెంట వచ్చి, కొబ్బరి, రబ్బరు, పామాయిలు తోటలలో బ్రతుకు నాటుకున్నారు.

ఆమ్‌స్టర్‌డాం తోటలో ప్రతి చెట్టుకూ ఒక పలక ఉంది. దాని పేరు, పుట్టిన దేశం అందులో కనబడతాయి. ఆ తోటను తీర్చిదిద్దిన కొమ్మెలిన్ వంశీయుల పేరును లిన్నేయస్ పండితుడు ఒక మొక్కల జాతికే పెట్టాడు. మన పొలంగట్ల మీద నీలంగా పూచే గడ్డిపూవు ఆ జాతిదే. పలకలు చదువుతూ నడుస్తున్న మా అమ్మాయి, "తాతగారి నాన్నగారిది ఏ ఊరు?" అని అడిగింది. మేము జవాబు చెప్పలేకపోయాము.

చెట్టు వచ్చిన సంవత్సరం తెలిసింది గాని, ఆ చెట్టు కింద చెమటోడ్చిన మనిషి ఊరు తెలియలేదు. ఇది మన లోపమే. ఈ పండుగకు కూడిన ప్రతి కుటుంబమూ ఇంటి పెద్దలను అడిగి, తమవారి పేరు, ఊరు, వచ్చిన సంవత్సరం, పనిచేసిన తోట ఒక పుస్తకంలో వ్రాసి ఉంచాలని మా మనవి. చెప్పగల పెద్దలు ఉండగానే ఈ పని జరగాలి.